గర్భంలో హైపోథైరాయిడ్: మాత్ర ఎప్పుడు పెంచాలి, ఎలా వేసుకోవాలి, ఏ వారంలో పరీక్ష

ఏళ్ల తరబడి ఒకే మోతాదు థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ, రిపోర్టులన్నీ సవ్యంగా వస్తున్నా, గర్భం నిలవగానే చాలామందికి ఆ మోతాదు చాలకుండా పోతుంది. ఐదో వారం నుంచే లోటు మొదలుకావచ్చు. గర్భం వారాలను ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు కాబట్టి, ఐదో వారం అంటే నెల తప్పి కొద్ది రోజులే అయి ఉంటుంది. అప్పటికి కడుపుతో ఉన్న సంగతే చాలామందికి ఖాయంగా తెలియదు.

పోనీ ఒళ్లు చెబుతుందా అంటే అదీ లేదు. నీరసం, నిద్రమత్తు, మలబద్ధకం, కాళ్ల వాపు, బరువు పెరగడం. థైరాయిడ్ తగ్గినా ఇవే, మామూలు గర్భంలోనూ ఇవే. అందుకని ఈ తొమ్మిది నెలలూ లక్షణాలను నమ్ముకుంటే కుదరదు, తేదీలను నమ్ముకోవాలి. మోతాదు ఏ రోజు పెంచాలి, రక్తం ఏ వారం ఇవ్వాలి, ఏ మాత్ర ఏ గంటకు వేసుకోవాలి అన్నవి ముందే కాగితం మీద పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ రాసినది లెవోథైరాక్సిన్ (టీ4 హార్మోన్ మాత్ర) ఇప్పటికే వాడుతున్నవాళ్ల కోసం, గర్భంలోనే మొదటిసారి హైపోథైరాయిడ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారవడం) బయటపడినవాళ్ల కోసం. అంకెలు డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి. మీ మోతాదు ఎంతో ఖరారు చేయాల్సింది మాత్రం మిమ్మల్ని చూస్తున్న డాక్టరే.

పాత మోతాదు ఎందుకు చాలదు

గర్భంలో ఈస్ట్రోజెన్ బాగా పెరుగుతుంది. దాని ప్రభావంతో కాలేయం థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. మోసే బళ్లు పెరిగాయి కాబట్టి వాటిని నింపడానికే ఎక్కువ హార్మోన్ కావాలి. దానికి తోడు మాయ (ప్లాసెంటా) తల్లి హార్మోన్‌లో కొంత భాగాన్ని పనికిరాకుండా విరగ్గొడుతుంది. కొంత బిడ్డకు పోతుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి అయితే ఈ గిరాకీని తట్టుకుంటుంది. గర్భం తొలి వారాల్లో పెరిగే హెచ్‌సీజీ హార్మోన్ చూడ్డానికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పని చేయించడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) పోలికలోనే ఉంటుంది కనుక, అది కూడా గ్రంథిని ఒక తోపు తోస్తుంది. హషిమోటో జబ్బుతో (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేసే జబ్బు) దెబ్బతిన్న గ్రంథికి ఆ తోపు తగిలినా పెద్దగా కదలదు. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేసినవాళ్లకు, రేడియో అయోడిన్‌తో కాల్చేసినవాళ్లకు అసలు తోయడానికే ఏమీ లేదు. అందుకే మోతాదు అందరికంటే ఎక్కువగా పెంచాల్సి వచ్చేది సాధారణంగా వీళ్లకే.

ఎంత పెంచాలి? 2004లో వచ్చిన ఒక పరిశోధనలో, అప్పటికే మాత్ర వాడుతున్న గర్భిణులకు మొదటి సగంలో మోతాదు సగటున 47 శాతం పెంచాల్సి వచ్చింది. పదహారో వారం దగ్గరకు వచ్చేసరికి ఆ పెరుగుదల ఆగి, అక్కడినుంచి కాన్పు దాకా దాదాపు అదే మోతాదు సాగింది. మొత్తం మీద 25 నుంచి 50 శాతం పెంపు అవసరపడుతుందని లెక్కపెట్టుకోవచ్చు.

బిడ్డ వైపు నుంచి చూస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. కడుపులో బిడ్డ థైరాయిడ్ గ్రంథి అయోడిన్ పట్టుకోవడం మొదలుపెట్టేది 10-12 వారాలకు. చెప్పుకోదగ్గంత హార్మోన్ సొంతంగా చేసుకునేది 18-20 వారాలకు. అప్పటిదాకా మెదడు ఎదుగుదలకు కావలసిన టీ4 అంతా తల్లి రక్తం నుంచే రావాలి. తీవ్రమైన హైపోథైరాయిడ్‌కు వైద్యం లేకపోతే గర్భస్రావం, రక్తపోటు పెరిగే ప్రీ-ఎక్లాంప్సియా, నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. గర్భంలో ఈ జబ్బుకు వైద్యం అందని తల్లుల పిల్లలకు ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువగా ఉన్నట్టు 1999లో ఒక అధ్యయనం చూపింది. అది వైద్యం అందనివాళ్ల మాట. మాత్ర సరిగ్గా వేసుకుని, టీఎస్‌హెచ్‌ను అదుపులో ఉంచుకున్నవాళ్లు ఈ జాబితా చూసి బెంబేలు పడనక్కరలేదు.

గర్భానికి ముందే చేసుకోవాల్సినవి

పిల్లల కోసం ప్రయత్నించే ముందు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా మోతాదు సర్దుకోవాలి. మామూలు రోజుల్లో 3.8 ఉంటే ఎవరూ పట్టించుకోరు. అక్కడినుంచి గర్భంలోకి దిగితే మాత్రం మొదటి నెలలోనే హద్దు దాటిపోతుంది. ఐవీఎఫ్ వంటి చికిత్సకు వెళ్లేవాళ్లకు అండాలను పెంచే ఇంజెక్షన్లతోనే ఈస్ట్రోజెన్ ఎగబాకుతుంది కాబట్టి, చికిత్స మొదలుకాకముందే ఈ హద్దు లోపలికి రావడం మరీ అవసరం.

డాక్టరు దగ్గర ఒక మాట ముందే రాయించుకోండి: "టెస్ట్ పాజిటివ్ వస్తే ఆ రోజు నుంచి మాత్ర ఎంత?" ఈ ఒక్క వాక్యం చీటీ మీద ఉంటే తర్వాత అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ మూడు నాలుగు వారాలు పోగొట్టుకునే అవస్థ తప్పుతుంది. ఆ మూడు నాలుగు వారాలే అసలైనవి.

టీ3 (మరో థైరాయిడ్ హార్మోన్) కలిపిన మాత్రలు, జంతువుల థైరాయిడ్ నుంచి చేసిన ఎండు గ్రంథి మాత్రలు వాడుతున్నవాళ్లు గర్భానికి ముందే లెవోథైరాక్సిన్‌కు మారాలి. టీ3తో తల్లి టీఎస్‌హెచ్ బాగానే కనిపిస్తుంది. బిడ్డ మెదడుకు అందేది మాత్రం ప్రధానంగా టీ4. తల్లి రిపోర్టు చక్కగా ఉండి, బిడ్డకు లోటు ఉండిపోయే చిక్కు ఇది. రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లు కనీసం 6 నెలలు ఆగాలి.

తరచుగా మరుగున పడిపోయే సంగతి మరొకటుంది. ఒకప్పుడు గ్రేవ్స్ జబ్బు (హార్మోన్ మరీ ఎక్కువయ్యే హైపర్‌థైరాయిడ్) ఉండి, ఆపరేషన్‌తోనో రేడియో అయోడిన్‌తోనో అది పోయి, ఇప్పుడు హైపో మాత్ర వేసుకుంటున్నవాళ్లు కొందరుంటారు. గ్రంథి పోయినా గ్రేవ్స్ యాంటీబాడీలు రక్తంలో మిగిలిపోవచ్చు. అవి మాయ దాటి వెళ్లి బిడ్డ గ్రంథిని రెచ్చగొడతాయి. తల్లికి హైపో, బిడ్డకు హైపర్! అందుకే పాత చరిత్ర తప్పకుండా చెప్పాలి. టీఎస్‌హెచ్ రిసెప్టార్ యాంటీబాడీ పరీక్ష గర్భం మొదట్లోనే చేయించాలి. అది ఎక్కువగా ఉంటే 18-22 వారాల మధ్య మళ్లీ చేస్తారు.

పాజిటివ్ వచ్చిన రోజు

ఎక్కువమంది డాక్టర్లు చెప్పే పద్ధతి తేలికైనది: రోజుకో మాత్ర వేసుకునేవాళ్లు వారానికి 7 మాత్రల బదులు 9 వేసుకోవడం. వారంలో రెండు రోజులు, ఉదాహరణకు బుధవారం, ఆదివారం, రెండేసి మాత్రలు. మిగతా రోజుల్లో ఎప్పటిలా ఒకటి. కొత్త బలం మాత్ర కొనక్కరలేదు, ఇంట్లో ఉన్న డబ్బాతోనే ఆ రోజే మొదలుపెట్టొచ్చు.

లెక్క చూడండి. 100 మైక్రోగ్రాముల మాత్ర అయితే వారానికి 700 కాస్తా 900 అవుతుంది. అంటే సుమారు 29 శాతం ఎక్కువ. 75 మైక్రోగ్రాములైతే 525 నుంచి 675 అవుతుంది. శాతం అదే. ఒకేరోజు రెండు మాత్రలు వేసుకుంటే ఏమవుతుందోనన్న భయం అక్కరలేదు. టీ4 ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది. కనుక ఒంటికి తెలిసేది వారం మొత్తం మీద పడిన మోతాదే. రోజూ ఒకేలా ఉంటేనే గుర్తుంటుందనుకునేవాళ్లు 100 నుంచి 125కు మారినా లెక్క దగ్గరగానే వస్తుంది.

ఈ 9 మాత్రల లెక్క అందరికీ వర్తించదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, టీఎస్‌హెచ్‌ను కావాలనే బాగా కింద ఉంచుతున్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇటీవలి రిపోర్టులో టీఎస్‌హెచ్ ఇప్పటికే మరీ తక్కువగా వచ్చినవాళ్లు ముందు డాక్టరును అడిగి, ఆ తర్వాతే పెంచాలి. పిట్యూటరీ గ్రంథి లోపంతో హైపో వచ్చినవాళ్లకైతే టీఎస్‌హెచ్ అంకెతో పనే లేదు. వాళ్ల మోతాదును ఫ్రీ టీ4 (మోసే ప్రోటీన్‌కు అంటుకోకుండా రక్తంలో విడిగా ఉన్న టీ4) చూసి నిర్ణయిస్తారు.

అదే వారంలో రక్త పరీక్షకు వెళ్లండి. మొదటి స్కాన్ రోజు అన్నీ కలిపి చేయిద్దామని వాయిదా వేయొద్దు.

మాత్ర కడుపులోకి వెళ్లడం వేరు, ఒంటికి పట్టడం వేరు

మోతాదు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ దిగకపోతే, పది సార్లలో చాలాసార్లు తప్పు మాత్రలో ఉండదు, వేసుకునే తీరులో ఉంటుంది. లెవోథైరాక్సిన్ పేగులో పూర్తిగా ఇమిడిపోయే మందు కాదు. పరగడుపున వేసుకున్నా కొంత వృథా అవుతుంది. తిండి, కాఫీ తోడైతే ఇంకొంత పోతుంది. ఐరన్, కాల్షియం పక్కన పడితే అవి మందును అంటిపెట్టుకుని, కరగని ముద్దలా మార్చి బయటికి పంపించేస్తాయి.

పద్ధతి ఇది. నిద్ర లేవగానే, పరగడుపున, మామూలు మంచినీళ్లతో మాత్ర మింగాలి. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట, నీళ్లు తప్ప ఇంకేమీ నోట్లో వేసుకోకూడదు. కాఫీ, టీ, పాలు కూడా అంతే. "కొంచెం కాఫీయే కదా" అనుకునేవాళ్లే ఎక్కువ. ఆ కొంచెం రోజూ పడుతూ ఉంటే రిపోర్టులో కనబడి తీరుతుంది.

ఐరన్, కాల్షియం మాత్రలకు, థైరాయిడ్ మాత్రకు మధ్య 4 గంటల ఎడం ఉండాలి. గర్భిణుల కోసం అమ్మే మల్టీవిటమిన్లలో ఐరన్, కాల్షియం రెండూ ఉండే అవకాశం ఎక్కువ. పేరు చూసి "విటమిన్ మాత్రే" అని పొద్దున్నే కలిపి మింగేస్తారు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఏముందో ఒకసారి చదవండి. గుండెమంటకు వేసుకునే యాంటాసిడ్లదీ ఇదే తీరు. వాటిలో కాల్షియమో అల్యూమినియమో మెగ్నీషియమో ఉంటుంది. గర్భంలో గుండెమంట మామూలే కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. సోయా పదార్థాలు, పీచు పొడులు బాగా వాడేవాళ్లు కూడా వాటిని పొద్దుటి మాత్రకు దూరంగా జరుపుకోవాలి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఉన్న మాత్రతో ఈ గొడవ లేదు. ఐరన్‌తో కలిపి చేసిన ఫోలిక్ మాత్రతోనే ఉంది.

ఒక రోజు ఇలా సర్దుకోవచ్చు:

ఉదయం 6 గంటలకు: థైరాయిడ్ మాత్ర, ఒక గ్లాసు నీళ్లు.
7 గంటలకు: కాఫీ లేదా పాలు, ఆ తర్వాత టిఫిన్.
11 గంటలకు: ఐరన్. కాఫీ, టీలతో కాదు, నీళ్లతో.
మధ్యాహ్నం భోజనం తర్వాత, రాత్రి భోజనం తర్వాత: కాల్షియం, డాక్టరు రెండు పూటలు రాసి ఉంటే. ఐరన్, కాల్షియం కూడా ఒకదానికొకటి పడవు, వాటినీ విడదీయాలి.

వేవిళ్లతో పొద్దున్నే ఏదీ కడుపులో నిలవనివాళ్లు రాత్రికి మారిపోవచ్చు. చివరిసారి తిన్నాక కనీసం 3 గంటలు గడిచి, పడుకోబోయే ముందు మింగాలి. అప్పుడు రాత్రి కాల్షియాన్ని మధ్యాహ్నానికి తోసేయాలి. పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా ఫలితం ఒకటే. రోజుకో పూటకు మారుస్తూ పోతేనే లెక్క తప్పుతుంది. మారే రోజు పొద్దున మాత్ర వేసుకుని ఉంటే, కొత్త పద్ధతి మర్నాటి రాత్రి నుంచి మొదలుపెట్టండి.

మాత్ర మింగిన వెంటనే వాంతి అయి, అందులో మాత్ర కనబడితే కడుపు కుదుటపడ్డాక ఇంకొకటి వేసుకోవచ్చు. గంటో రెండు గంటలో గడిచాక వాంతి అయితే దాని జోలికి పోనక్కరలేదు. ఒక రోజు నష్టం పెద్ద లెక్కలోకి రాదు. వరసగా నాలుగైదు రోజులు మాత్రే కాదు, నీళ్లు కూడా నిలవకపోతే అది ఆసుపత్రికి వెళ్లాల్సిన సంగతి. థైరాయిడ్ మాట కూడా అక్కడ చెప్పండి, నోటితో కుదరకపోతే ఇంజెక్షన్ రూపం ఉంది.

ఒక రోజు మరిచిపోతే, గుర్తొచ్చిన వెంటనే తిన్న గంటలు చూసుకుని వేసుకోండి. మర్నాడే గుర్తొస్తే ఆ రోజు మాత్రతో పాటు పాతదీ కలిపి వేసుకోవచ్చు. గర్భనిరోధక మాత్రలాగా గంటల పట్టింపు ఉన్న మందు కాదిది. వారాల తరబడి అలవాటుగా మరిచిపోవడమే ప్రమాదం. ఏడు గదుల మాత్రల పెట్టె కొనుక్కుంటే 9 మాత్రల పద్ధతి కూడా తికమక లేకుండా సాగుతుంది: ఆదివారం రాత్రి నింపేటప్పుడే ఏ రెండు గదుల్లో రెండేసి ఉండాలో వేసేయొచ్చు.

నిల్వ గురించి ఒక్క మాట. ఈ మాత్ర వేడికి, తేమకు, వెలుతురుకు బలం కోల్పోతుంది. పొయ్యి పక్క అలమరా, స్నానాలగది అద్దం వెనక అర, ఎండలో నిలబడిన కారు, ఈ మూడూ దానికి పనికిరావు. 25 డిగ్రీల లోపు, పొడిగా ఉండే చోట, వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. డబ్బాలో తేమ పీల్చే పొట్లం ఉంటే దాన్ని తీసి పారేయకండి. మాత్రల పెట్టెలోకి ఒక్క వారానికి సరిపడా మాత్రమే తీయండి.

కంపెనీ మారినా బలం కాస్త అటూ ఇటూ అవుతుంది. గర్భంలో ఉన్నంతకాలం ఒకే కంపెనీ మాత్రకు కట్టుబడటం మంచిది. షాపులో వేరేది ఇస్తే, తప్పక మారాల్సి వస్తే, 4 వారాలకు టీఎస్‌హెచ్ చేయించండి.

పరీక్ష ఎప్పుడు, రిపోర్టు ఎలా చదవాలి

పాజిటివ్ రాగానే ఒకసారి. అక్కడినుంచి సుమారు 20 వారాల దాకా ప్రతి 4 వారాలకూ. ఆ తర్వాత 30వ వారం దగ్గర కనీసం ఒకసారి. మధ్యలో మోతాదు మారితే, మారిన 4 వారాలకు. అంతకంటే ముందే చేయిస్తే టీఎస్‌హెచ్ ఇంకా స్థిరపడి ఉండదు, ఆ అంకెను చూసి మళ్లీ మార్చడం వల్ల ఊగిసలాట తప్ప ఒరిగేదేమీ లేదు.

మాత్ర వాడుతున్న గర్భిణికి పెట్టుకునే గురి: ఆ నెలలకు తగిన పరిధిలో దిగువ సగం. మీ ల్యాబ్ దగ్గర గర్భిణుల పరిధి లేకపోతే 2.5 లోపు. రిపోర్టు కుడిపక్కన అచ్చు వేసిన 'నార్మల్ రేంజ్' సాధారణంగా గర్భం లేనివాళ్లది. అందులో పై హద్దు 4 నుంచి 5 దాకా ఉంటుంది. మీ అంకె 3.9 అయితే ఎర్ర గుర్తు పడదు, కింద 'నార్మల్' అనే ఉంటుంది. చూసినవాళ్లు "బాగానే ఉంది" అంటారు. గర్భంలో మాత్ర వాడుతున్న మనిషికి అది బాగున్నట్టు కాదు, మోతాదు కొంచెం పెంచమని చెప్పే అంకె. రిపోర్టు చేతికి రాగానే వాళ్ల హద్దు కొట్టేసి 2.5 అని పెన్నుతో రాసుకుంటే మళ్లీ మళ్లీ ఈ పొరపాటు జరగదు. కొలమానం 'మిల్లీ యూనిట్లు లీటరుకు' అని ఉన్నా, 'మైక్రో యూనిట్లు మిల్లీలీటరుకు' అని ఉన్నా విలువ ఒకటే, మార్చి లెక్కకట్టే పని లేదు.

మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ మరీ కిందికి, 0.1 దగ్గరికి, దిగితే కంగారుపడి మాత్ర ఆపేయకండి. హెచ్‌సీజీ వల్ల ఆ వారాల్లో టీఎస్‌హెచ్ సహజంగానే పడుతుంది. వేవిళ్లు విపరీతంగా ఉన్నవాళ్లలోనూ, కవలలు ఉన్నవాళ్లలోనూ ఇంకా పడుతుంది. గుండె దడ, చేతుల వణుకు, వేడి తట్టుకోలేకపోవడం ఉన్నాయా, ఫ్రీ టీ4 ఎక్కువగా ఉందా అన్నవి చూసి డాక్టరు తేలుస్తారు.

ఫ్రీ టీ4 గురించి కూడా తెలుసుకోవాలి. మామూలు ల్యాబ్ యంత్రాలు కొలిచే పద్ధతి గర్భంలో అంత నమ్మదగింది కాదు. మోసే ప్రోటీన్ల మార్పు వల్ల అంకె అసలు కంటే తక్కువగా రావచ్చు. టీఎస్‌హెచ్ బాగుండి, ఫ్రీ టీ4 మాత్రం గీతకు కాస్త కింద ఉన్నంత మాత్రాన మోతాదు పెంచేయాలని లేదు. మొత్తం టీ4 చేయిస్తే అది కూడా పదహారో వారం తర్వాత మామూలు పరిధికి ఒకటిన్నర రెట్లు ఉండటం సహజం. దాన్ని చూసి 'హైపర్' అనుకోకూడదు.

రక్తం ఇచ్చే రోజు మాత్ర వేసుకోకుండా వెళ్లి, ఇచ్చాక వేసుకోండి. మింగిన కొన్ని గంటల పాటు ఫ్రీ టీ4 తాత్కాలికంగా పెరుగుతుంది. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ వాడుతుంటే కనీసం 2 రోజుల ముందు ఆపాలి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా వస్తుంది. అచ్చం మోతాదు ఎక్కువైనట్టే కనిపించి, తగ్గించకూడని సమయంలో తగ్గించేస్తారు.

ఒక పుస్తకంలో నాలుగు గడులు గీసుకోండి: తేదీ, ఎన్నో వారం, టీఎస్‌హెచ్, అప్పుడు వేసుకుంటున్న మోతాదు. ఐదో గడిలో "ఐరన్ మొదలైంది", "కంపెనీ మారింది" వంటివి రాయండి. ఆ ఐదో గడి ఎంత పనికొస్తుందో చూడండి. పన్నెండో వారంలో టీఎస్‌హెచ్ 1.8 ఉంది. పద్నాలుగో వారంలో ఐరన్ మొదలైంది, టిఫిన్‌తో పాటు, అంటే థైరాయిడ్ మాత్ర వేసిన గంటకే. పద్దెనిమిదో వారంలో టీఎస్‌హెచ్ 4.6. పుస్తకం లేకపోతే మోతాదు 25 మైక్రోగ్రాములు పెరుగుతుంది. కాన్పు తర్వాత ఎప్పుడో ఐరన్ ఆగిపోతుంది, పెంచిన మోతాదు మిగిలిపోతుంది, గుండె దడ మొదలవుతుంది. పుస్తకం ఉంటే ఐరన్ 11 గంటలకు జరుగుతుంది, 4 వారాలకు మళ్లీ పరీక్ష, అంతే.

గర్భంలోనే మొదటిసారి బయటపడితే

టీఎస్‌హెచ్ 10 దాటితే వైద్యం విషయంలో రెండో మాట లేదు, ఆ రోజే మాత్ర మొదలుపెడతారు. తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం గర్భంలో పనికిరాదు. తీవ్రమైన లోటు అయితే బరువును బట్టి పూర్తి మోతాదుకు దగ్గరగానే ఇస్తారు. 4కు, 10కి మధ్య ఉంటే టీపీఓ యాంటీబాడీ (థైరాయిడ్ మీద దాడి జరుగుతోందని చెప్పే గుర్తు) పరీక్ష చేస్తారు. అది పాజిటివ్ అయితే మాత్ర సిఫారసు చేస్తారు. నెగెటివ్ అయితే ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, డాక్టర్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. స్వల్ప లోటుకు గర్భం మధ్యలో మొదలుపెట్టిన మాత్ర వల్ల పిల్లల తెలివితేటల్లో తేడా కనబడలేదని పెద్ద పరిశోధనలు చెప్పాయి. కాబట్టి "నాకెందుకు ఇవ్వలేదు" అనిగానీ, "ఊరికే ఇచ్చేశారు" అనిగానీ కలవరపడాల్సింది లేదు. టీఎస్‌హెచ్ బాగుండి టీపీఓ మాత్రమే పాజిటివ్ ఉన్నవాళ్లు మాత్రం 20 వారాల దాకా 4 వారాలకోసారి పరీక్ష వదలకూడదు. అప్పటిదాకా నెట్టుకొస్తున్న గ్రంథి గర్భం బరువుకు చేతులెత్తేయొచ్చు.

అయోడిన్ సంగతి

గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లెవోథైరాక్సిన్ ఇప్పటికే వాడుతున్నవాళ్లు దీనికోసం విడిగా అయోడిన్ మాత్ర మొదలుపెట్టనక్కరలేదు, ఆ మాత్రలోనే తయారైన హార్మోన్ ఉంది. 'థైరాయిడ్ సపోర్ట్' పేరుతో అమ్మే సముద్రపు నాచు పొడులు ముట్టుకోవద్దు. వాటిలో అయోడిన్ ఎంత ఉంటుందో చెప్పలేం. రోజుకు 500 మైక్రోగ్రాములు మించితే బిడ్డ గ్రంథే మూతపడే ప్రమాదం ఉంది.

కాన్పు, ఆ తర్వాత

కాన్పు రోజు మాత్ర తప్పినా గాభరా వద్దు. సిజేరియన్‌కు ఏమీ తినొద్దన్న పూట గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకోవచ్చో లేదో మత్తు డాక్టరును అడగండి.

బిడ్డ పుట్టగానే గిరాకీ తగ్గిపోతుంది. మర్నాటి నుంచే గర్భానికి ముందున్న మోతాదుకు దిగాలి. పురిటి హడావిడిలో తేలిగ్గా మరిచిపోయేది ఇదే. 9 మాత్రలు అలాగే సాగిపోతే రెండు నెలల్లో దడ, నిద్ర పట్టకపోవడం, బరువు వేగంగా తగ్గడం కనిపిస్తాయి, అవన్నీ బాలింత అలసట ఖాతాలో పడిపోతాయి. ఆసుపత్రికి తీసుకెళ్లే సంచిలో పాత మోతాదు రాసిన చీటీ ఒకటి పెట్టుకోండి. 6 వారాలకు టీఎస్‌హెచ్ చేయించాలి. హషిమోటో ఉన్న కొందరికి పాత మోతాదు కంటే కాస్త ఎక్కువే అవసరమవుతుంది. గర్భంలో స్వల్ప లోటుకు 50 మైక్రోగ్రాములో అంతకు తక్కువో మొదలుపెట్టినవాళ్లకు డాక్టరు మాత్ర పూర్తిగా ఆపమనొచ్చు. వాళ్లకూ 6 వారాల పరీక్ష తప్పనిసరి.

టీపీఓ పాజిటివ్ ఉన్నవాళ్లలో మూడో వంతు నుంచి సగం మందికి కాన్పు తర్వాత ఏడాది లోపు థైరాయిడ్ వాపు (పోస్ట్‌పార్టమ్ థైరాయిడైటిస్) రావచ్చు. ముందు కొన్ని వారాలు హైపర్ లక్షణాలు, తర్వాత హైపో. దిగులు, ఏడుపు, విపరీతమైన నీరసం నెలలు గడిచినా తగ్గకపోతే మనసుకు వైద్యంతో పాటు ఒక టీఎస్‌హెచ్ కూడా రాయించుకోవాలి.

పాలిచ్చేటప్పుడు లెవోథైరాక్సిన్ ఆపక్కరలేదు. సరైన మోతాదులో పాలలోకి వెళ్లేది చాలా కొద్ది, పైగా అది ఒంట్లో సహజంగా ఉండే హార్మోనే. మానేస్తే పాలు తగ్గే అవకాశం ఉంది.

బిడ్డకు పుట్టిన 2 నుంచి 5 రోజుల మధ్య మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేస్తారు. ఇది తల్లికి జబ్బు ఉన్నా లేకున్నా ప్రతి బిడ్డకూ చేయాల్సినదే. ముందే డిశ్చార్జి అయితే ఎప్పుడు, ఎక్కడికి తీసుకురావాలో అడిగి రాసుకోండి. ఆ ఫలితాన్నీ, పదహారో వారం తర్వాత మీ టీఎస్‌హెచ్‌ను నిలబెట్టిన మోతాదునూ అదే పుస్తకంలో చివర రాసి ఉంచండి. మళ్లీ గర్భం వస్తే డాక్టరు మొదట అడిగేది ఆ అంకెనే.